ఐదో శబ్దం

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి కంప్యూటర్ చెడిపోయినా ముందు మోగేది మా ఇంటి బెల్లే. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తాను. అక్కడ పన్నెండు వందల మంది లాప్‌టాప్‌లకు ఏ రోగమొచ్చినా చూడాల్సింది నేనూ, నాలాంటి ఇంకో నలుగురూ. సాయంత్రం అయిదుకు నా షిఫ్టు, నాలుగుంబావుకు క్యాబ్. మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటానని చందానగర్‌లో మా సందు సందంతా తెలిసిపోయింది. కరెంటు బిల్లు కట్టడం దగ్గర్నుంచి పిల్లల ప్రాజెక్టు ప్రింట్ల దాకా అన్నీ నా దగ్గరికే వస్తాయి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ప్రొద్దుటూరులో మా అమ్మ ఈ సంగతి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా దాచకుండా చెప్పేసింది. అందుకే నేనింకా ఇక్కడ ఒంటరిగా కిరాయి కట్టుకుంటున్నాను. "అన్నీ చేసి చూశాం" అనేవాళ్లంటే మరీ మంట. అన్నీ అంటే ఏమిటయ్యా అని అడిగితే ఆపి మళ్లీ ఆన్ చేశామంటారు. అయితే నాకొక బలహీనత కూడా ఉంది. ఒక వస్తువు ఎందుకు పనిచేయడం లేదో తెలియకపోతే నాకు అన్నం సహించదు. తిట్టుకుంటూనే వెళతాను, తెలిసేదాకా కుర్చీలోంచి లేవను.

ఆ బుధవారం రెండు దాటాక ఎదురు ఫ్లాట్ శిరీష వచ్చింది. వాళ్లది జనగామ వైపు. భర్త అవినాష్ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండో తరగతి చదివే కూతురు, ఇంట్లో అత్తగారు రత్నమాలమ్మ. వాళ్ల గోడా మా గోడా ఒకటే కాబట్టి శిరీష గొంతు నాకు బాగా పరిచయం. మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు. "ఇగో" అంటుంది. "ఇగో, పాలు పొంగుతున్నయ్", "ఇగో, పిల్ల బస్సు వచ్చింది" అని రోజుకు ఇరవై సార్లు వినిపిస్తుంది. జనగామలో వాళ్లమ్మ కూడా వాళ్ల నాన్నను అలాగే పిలిచేదట. పెళ్లయిన కొత్తలో నోరు జారి ఒకసారి అవినాష్ అని పిలిస్తే, ఆ పూట రత్నమాలమ్మ అన్నం ముట్టలేదని తనే నవ్వుతూ చెప్పింది.

ఆ రోజు మాత్రం నవ్వడం లేదు. మెడకు మఫ్లర్ చుట్టుకుని ఉంది, ఎండాకాలం మొదట్లో.

విషయం ఏమిటంటే, పాప పుట్టకముందు శిరీష మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో అయిదేళ్లు పనిచేసింది. చివరి రెండేళ్లు కొత్తవాళ్లకు ఫోన్లో ఎలా మాట్లాడాలో నేర్పించింది. ఇప్పుడు ఏడేళ్ల తర్వాత అలాంటి ఉద్యోగానికే దరఖాస్తు పెట్టింది. వాళ్లు లింకు ఒకటి పంపారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే తెర మీద అయిదు ప్రశ్నలు వస్తాయి, ఒక్కోదానికి రెండు నిమిషాలు జవాబు చెప్పాలి, అది రికార్డు చేసుకుని వాళ్లకు చేరుస్తుంది. అవతల మనిషి ఉండడు. మూడు అవకాశాలిస్తారు. రెండు అయిపోయాయి. రెండుసార్లూ ఒకటే ఉత్తరం వచ్చింది, మీ రికార్డింగులో మాటలు వినిపించలేదని. మూడోది ఆ సాయంత్రం నాలుగు లోపల పంపాలి.

"మైక్ ఖరాబైందేమో అక్కా" అన్నాను.

"కొత్త హెడ్‌సెట్ కొన్న. కంప్యూటర్ మంచిగనే ఉన్నది భార్గవి. ఆయన రోజూ దాంట్లనే మాట్లాడుతడు. నా గొంతే పోయిందేమో అని నా పరేషాన్."

అదేం మాటని కసురుకున్నాను. ఆమె మాత్రం నిజంగానే అనుకుంటోంది. ఏడేళ్లుగా పాపతోనూ, అత్తతోనూ, కూరగాయలవాడితోనూ తప్ప మాట్లాడింది లేదు కాబట్టి గొంతులో పస తగ్గిపోయి ఉంటుందని ఆమె లెక్క. ఇది ఈ వారం పుట్టిన అనుమానం కాదు. పాప బడివాళ్లు వీడియోలో పెట్టే తల్లిదండ్రుల మీటింగుల్లో ఈమె మాట్లాడితే టీచర్ "మేడమ్, వినిపించడం లేదు" అనేదట. పక్కనే ఉన్న అవినాష్ రెండు మాటలు అనగానే వినిపించేదట. అలా రెండుసార్లయ్యాక ఆమె మీటింగులకు కూర్చోవడమే మానేసింది. ఈ రెండు ఉత్తరాలు వచ్చాక గొంతు దవాఖానకు వెళ్లి చూపించుకుంది. డాక్టరు ఏమీ లేదన్నాడు. అయినా పదిరోజులుగా మిరియాల కషాయం తాగుతోంది, మఫ్లర్ చుట్టుకుంటోంది.

ఫోన్లో చెయ్యరాదా అంటే ఆ లింకు ఫోన్లో తెరుచుకోదట. నా లాప్‌టాప్ ఇద్దామంటే అది కంపెనీది, అలాంటి సైట్లు అందులో రావు. రాకుండా కట్టడి చేసింది కూడా నేనే. కాబట్టి లేచి వాళ్లింటికి వెళ్లాను.

హాలులో ఒక మూల అవినాష్ ఆఫీసు. బల్ల, కుర్చీ, వెనక గోడకు కెమెరాలో బాగుండాలని తగిలించిన నీలం తెర. ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లో ఏర్పాటు చేసుకున్నది, ఇప్పుడు వారానికి రెండు రోజులు వాడతాడు. లాప్‌టాప్ అతని సొంతదే. వంటింటి గడప దగ్గర రత్నమాలమ్మ చింతపండుతో పూజ సామాన్లు తోముతోంది, మర్నాడు గురువారమని. పొయ్యి మీద పాప కోసం శెనగలు ఉడుకుతున్నాయి.

నేను ఎప్పుడూ కింది నుంచి పైకి వెళతాను. ముందు వైరు, తర్వాత అది గుచ్చే రంధ్రం, తర్వాత అనుమతి, తర్వాత మిగతావి. వైరు గట్టిగానే ఉంది. మైక్ వాడుకోవడానికి బ్రౌజర్‌కు అనుమతి ఉంది. సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌సెట్ మైక్ అనే పేరు కనిపించింది, వాల్యూమ్ నూటికి నూరు ఉంది. హెడ్‌సెట్ తగిలించుకుని "హలో, ఒకటి, రెండు, మూడు" అన్నాను. తెర మీద శబ్దాన్ని చూపించే పచ్చగీత ఎగిరి గంతులేసింది. రికార్డు చేసి విన్నాను. నా గొంతు గంటలా మోగింది.

కోపం వచ్చేసింది. బాగానే ఉంది కదా, ఏ బటన్ నొక్కడం మరిచిపోయావో చూసుకో అక్కా అన్నాను. శిరీష నా తల నుంచి హెడ్‌సెట్ తీసి తన తలకు పెట్టుకుని, నా కుర్చీలోనే కూర్చుని, "నమస్కారం, నా పేరు శిరీష" అంది.

పచ్చగీత కదల్లేదు.

ఇంకాస్త గట్టిగా అనమన్నాను. అంది. పక్కనున్న నాకు చెవులు గింగురుమన్నాయి. గీత ఒక్క క్షణం వణికి పడుకుంది. రికార్డు చేసి వింటే ఏదో గీరిన చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. హెడ్‌సెట్ లాక్కుని నేను మాట్లాడాను. గంతులేసింది. మళ్లీ ఆమెకిచ్చాను. పడుకుంది. అదే మైకు, అదే కుర్చీ, నోటికీ మైకుకీ మధ్య అంతే దూరం, బెత్తెడు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. తొమ్మిదేళ్ల సర్వీసులో వినపడని మైకులు వేలు చూశాను. ఒక మనిషి మాట విని ఇంకో మనిషి మాట వినని మైకును చూడటం అదే మొదటిసారి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గడియారంలో రెండు నలభై.

శ్రుతి తేడా ఏమోనని గొంతు బొంగురు చేసి మగవాడిలా మాట్లాడమన్నాను. ఆమె సిగ్గుపడుతూనే "ఏం రా, ఎక్కడున్నవ్" అంది. రాలేదు. పాడమన్నాను. బడిలో నేర్చుకున్న ప్రార్థన ఒకటి పాడింది. రాలేదు. మైకును కంప్యూటర్‌కు కలిపే డ్రైవర్ ప్రోగ్రామ్ తీసేసి కొత్తది వేశాను. ధ్వనిని మెరుగుపరుస్తామని కంప్యూటరే పెట్టుకునే సొంత హంగులన్నీ ఆపేశాను. అయినా రాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఇక విసిగిపోయి ఆమె తల వంచుకుని, తనలో తనే, గొంతు పెగలకుండా "వస్తలేదు" అనుకుంది.

గీత కదిలింది.

రికార్డు వెనక్కి తిప్పి విన్నాం. అంతసేపు ఆమె అరిచినవీ పాడినవీ ఒక్కటీ లేవు. చివర ఆ గుసగుస ఒక్కటి స్పష్టంగా ఉంది. ఈ యంత్రం ఆమె గొంతును వినదు, గొంతు లేకుండా మాట్లాడితే వింటుంది. నాకు ఒళ్లు జలదరించింది, భయంతో కాదు, ఎందుకో తెలుసుకోవాలన్న దురదతో. శిరీష ముఖం మాత్రం వాడిపోయింది. "చెప్పిన గద, నా గొంతుల్నే ఉన్నది లోపం" అంది.

రత్నమాలమ్మ లోపలి నుంచి వింటూనే ఉంది. తన కొడుకు మాట్లాడితే అమెరికావాళ్లకు కూడా వినపడుతుందనీ, ఆడవాళ్ల గొంతు దానికి అలవాటు లేదేమోననీ సలహా ఇచ్చింది. నేనూ ఆడదాన్నేనమ్మా అని, అయినా పరీక్ష పరీక్షే కదా అని ఆమెనే రమ్మన్నాను. చేతిలో తోముతున్న గంటతోనే వచ్చింది. ఏం మాట్లాడాలె బిడ్డా అని ఇబ్బందిపడి, చివరికి శెనగల్లో ఉప్పు ఎంత వేసిందో చెప్పింది. ఆమె చెబుతుండగానే కుక్కర్ కూత వేసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె మాటకోసారి చెయ్యి ఊపుతుంటే గంట గణగణమంది.

విన్నాం. రత్నమాలమ్మ మాటలు ముత్యాల్లా ఉన్నాయి. ఉప్పు చెంచాడు, పసుపు చిటికెడు, అన్నీ ఉన్నాయి.

ఏదో తేడాగా అనిపించి మళ్లీ విన్నాను. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాను. కుక్కర్ కూత లేదు. నేను ఉలిక్కిపడేంత పెద్ద కూత, రికార్డులో జాడే లేదు. గంట కూడా లేదు. మైకుకు జానెడు దూరంలో మోగిన గంట.

"అక్కా, దీనికి చెవుడు లేదు" అన్నాను. "కొన్ని వింటాంది, కొన్ని ఇడిసిపెడ్తాంది. గంట వినలే, కుక్కర్ వినలే, నిన్ను వినలే. ఈ మూడింటికీ ఏమి సంబంధం?"

శిరీష "ఏముంటది. మూడూ ఈ ఇంట్లయే" అంది.

ఆమె మామూలుగా అంది. నాకు మాత్రం అక్కడే దారి దొరికింది. ఈ ఇంటి చప్పుళ్లేవో ఈ యంత్రానికి తెలుసు. దానంతట అదే తెలుసుకోదు కాబట్టి ఎవరో నేర్పి ఉండాలి. తెర కింది మూల గడియారం పక్కన చిన్న బాణం గుర్తు నొక్కితే, దాచిపెట్టిన బొమ్మలు నాలుగు బయటపడ్డాయి. అందులో ఒకటి బూడిదరంగు చెవి బొమ్మ. నా మీద నాకే చిరాకేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు డ్రైవర్లు పీకి వేశాను గానీ ఆ మూల చూడలేదు. సౌండ్ సెట్టింగుల్లో హెడ్‌సెట్ మైక్ అని నాకు కనిపించింది మైకే కాదు. ఈ బొమ్మ తాలూకు ప్రోగ్రామ్ ఆ పేరు పెట్టుకుని మైకుకూ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుంది.

శిరీషకు వివరంగా చెప్పాను. ఇది జల్లెడ లాంటిది. ఇంట్లో కూర్చుని ఆఫీసు మీటింగుల్లో మాట్లాడేవాళ్లు పెట్టుకుంటారు. మనకు అక్కర్లేని చప్పుడేదో ఒకసారి వినిపించి, ఇది వద్దు అని చెబితే, ఇక ఆ చప్పుడు ఎప్పుడొచ్చినా అది పక్కకు తీసేసి మిగతాది పంపిస్తుంది. అవినాష్ తెలివైనవాడే అని కూడా అన్నాను. మా ఆఫీసులో వాళ్లకు ఇంత ఓపిక ఉండదు.

బొమ్మ మీద నొక్కాను. తొలగించాల్సిన శబ్దాలు అని పైన రాసి ఉంది. కింద అయిదు పేర్లు, పక్కన తేదీలు, మూడేళ్ల కిందటివి. మొదటి నాలుగూ ఒకే ఆదివారం నేర్పినవి. పేర్లు అవినాష్ స్వయంగా కొట్టుకున్నాడు. కుక్కర్. మిక్సీ. అమ్మ గంట. ఉల్లిగడ్డ ఆటో.

అయిదోది ఆ తర్వాతి బుధవారం నేర్పింది. దాని పేరు ఇగో.

నేను అక్కడ ఆగాల్సింది. ఆ పేరు చదవగానే అర్థమై ఉండాల్సింది కూడా. కానీ ఒక్కో పేరు పక్కనా నేర్పిన శబ్దాన్ని మళ్లీ వినిపించే బటన్ ఉంది, బటన్ కనిపిస్తే నా వేలు ఆగదు. వరసగా నొక్కుతూ పోయాను. కుక్కర్ మూడు కూతలు కూసింది. మిక్సీ గర్రుమంది, పచ్చడి నూరుతున్నట్టుంది. గంట మోగింది. "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు" అని మైకులో ఆటో అరిచింది, పాత ఆటోవాడి గొంతు, ఇప్పుడొచ్చేవాడిది కాదు. శిరీష నవ్వింది, ఆ పదిరోజుల్లో మొదటిసారేమో. అదే ఊపులో అయిదోది నొక్కాను.

"ఇగో."

కాస్త వ్యవధి.

"ఇగో, వింటున్నవా?"

ఇంకాస్త వ్యవధి, దూరంగా గిన్నె పెట్టిన చప్పుడు.

"ఇగో."

అంతే. ఆగిపోయింది.

నాకు సిగ్గేసింది, నేనే ఏదో తప్పు చేసినట్టు. ఇలాంటి ప్రోగ్రామ్‌ల సంగతి నాకు తెలుసు. మనిషి గొంతు నేర్పితే ఆ ఒక్క మాటనే కాదు, ఆ గొంతులో వచ్చే ప్రతి మాటనూ తీసేస్తాయి, గుసగుసలో గొంతు పలకదు కాబట్టి అదొక్కటే దాటిపోయింది. ఒక్కసారి వింటే నేర్చుకోవు, మూడుసార్లు వినిపించాలి. అంటే ఆమె మూడోసారి పిలిచేదాకా అతను పలకకుండా, రికార్డు బటన్ నొక్కి కూర్చున్నాడు. ఆ మాట ఆమెతో అనకూడదనుకున్నాను. అనక్కర్లేకపోయింది. కుక్కర్ మూడు కూతలు ఆమె కూడా విన్నది.

"అయితే నా గొంతుల ఏం లేదన్నట్టు" అంది శిరీష మెల్లగా.

"ఏమీ లేదక్కా. బంగారంలాంటి గొంతు."

ఆమె మెడకున్న మఫ్లర్ విప్పి కుర్చీ మీద వేసింది. తర్వాత తెర మీదికి వంగి అయిదో పేరు పక్కనున్న తేదీ, సమయం చూసింది. మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై.

"అన్నానికి పిలిచి ఉంట" అంది.

నాకు అవినాష్ మీద పట్టరాని కోపం వచ్చింది. ఉత్త మంచివాడు, లిఫ్టులో కనిపిస్తే సంచి అందుకునే మనిషి. దుర్మార్గుడై ఉంటే ఇంత బాధేసేది కాదు. ఆ ప్రోగ్రామ్‌నే మొత్తం పీకి పారేస్తానని మౌస్ పట్టుకున్నాను. శిరీష నా చెయ్యి ఆపింది.

"వద్దు. కుక్కర్ ఉండనీ, ఆటో ఉండనీ. నన్నొక్కదాన్నే తియ్యి. కాదు, ఆగు, నేనే తీసుకుంట."

పేరు మీద నొక్కి, తొలగించు అన్నది ఎంచుకుంది. ఈ శబ్దాన్ని ఇకపై వినిపించనివ్వాలా అని అడిగింది అది. అవును అని నొక్కింది. మైకు ముందు "నమస్కారం, నా పేరు శిరీష" అంది. పచ్చగీత తెర పైఅంచు దాకా లేచింది.

అప్పటిదాకా నిలబడే ఉన్న రత్నమాలమ్మ అప్పుడు నోరు విప్పింది. కోడలి గురించి ఏమైనా అంటుందనుకున్నాను. "నా గంట గూడ ఉన్నదా బిడ్డా అండ్ల? దేవుని గంట గూడనా?" అంది. ఉందన్నాను. ఆమె గంటను ఒకసారి చూసుకుని కొంగుతో తుడిచింది. తర్వాత వెళ్లి పొయ్యి కట్టేసి, తలుపు బయట మెట్ల మీద కూర్చుంది, ఎవరొచ్చినా ఇప్పుడు కాదని పంపించడానికి. ఎవరూ చెప్పకుండానే వెళ్లి కూర్చుంది.

మూడూ ఇరవై అయిదుకు శిరీష మూడో అవకాశం మొదలుపెట్టింది. నేను కెమెరాకు కనపడకుండా బల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. మొదటి ప్రశ్న అనుభవం గురించి. మొదటి రెండు వాక్యాలూ తడబడింది, తర్వాత దారిలో పడింది. ఆ గొంతు నేను గోడ అవతల నుంచి విన్న గొంతు కాదు. తొందర లేదు, ఎక్కడ ఆగాలో తెలుసు, వినేవాడికి ఊపిరి తీసుకునే తీరిక ఇస్తుంది. ఏడేళ్ల కింద ఈమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు అదృష్టవంతులు అనుకున్నాను. రెండూ మూడూ అయ్యాయి. నాలుగోది మొదలైందో లేదో, వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో వచ్చింది.

సరిగ్గా మా కిటికీ కింద ఆగింది. లౌడ్‌స్పీకర్ అరుస్తోంది, కిటికీ అద్దం అదురుతోంది. లేచి కిటికీ మూద్దామంటే కెమెరాలో కనిపిస్తాను. శిరీష కళ్లు ఒక్కసారి కిటికీ వైపు తిరిగాయి, మళ్లీ తెర మీదికి వచ్చాయి. మాట ఆపలేదు, గొంతు పెంచలేదు. అలాగే చెప్పుకుంటూ పోయింది.

అయిదో ప్రశ్న తెర మీదికి వచ్చింది. మీరెంత చెప్పినా ఎదుటి మనిషి వినడం లేదని తెలిస్తే ఏం చేస్తారు?

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. బల్ల మీద నోట్‌బుక్‌లో రాసుకుని ఉంది, నాకు కనిపిస్తోంది. ఓపికగా ఉంటాను, చిన్న చిన్న వాక్యాల్లో మళ్లీ చెబుతాను అని ఏవో నాలుగు పాయింట్లు. ఆమె దాని వైపు చూడలేదు. పది సెకన్లు ఊరికే కూర్చుంది. తెర మీద అంకెలు తరిగిపోతుంటే నేను నేల మీద నుంచి చేతులూపాను.

"ముందు గొంతు పెంచి చూస్తం," అంది. "అందరం అదే చేస్తం. అయినా వినకపోతే, మన గొంతుల్నే ఏదో లోపమున్నదనుకుంటం. నేను చాన్నాళ్లు గట్లనే అనుకున్న. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఒకటే చెప్త. మీ గొంతును అనుమానించకుండ్రి. ఎదుటి మనిషిని మర్యాదగ ఒక్కసారి అడుగుండ్రి, మీకు వినపడుతలేదా, వినొద్దనుకుంటున్నరా అని. వినపడకపోతే మల్ల చెప్పొచ్చు. వినొద్దనుకుంటే, అది వాళ్లు చెప్పాలె."

ఇంటర్వ్యూల్లో మాట్లాడే పుస్తకం భాష కాదది, ఇంటి భాష. ఆమె దిద్దుకోలేదు. రెండు నిమిషాలు పూర్తికాకుండానే పంపు అని నొక్కేసింది.

పంపినదాన్ని ఒకసారి వినే వీలుంది. నాలుగో జవాబు పెట్టాం. ఆమె మాట తప్ప ఏమీ లేదు. ఆటో లేదు, ఉల్లిగడ్డలు లేవు, అద్దం అదురు లేదు. అవినాష్ మూడేళ్ల కింద తన కోసం పట్టిన జల్లెడ ఆమెకు అలా పనికొచ్చింది. మూడూ నలభై ఆరుకు మాటలు అందాయని తెర మీద కనిపించింది. శిరీష ఏడవలేదు. నేనే కళ్లు తుడుచుకున్నాను, నాకు కోపమెంత తొందరగా వస్తుందో కన్నీళ్లూ అంతే. ఆమె లేచి పొయ్యి మళ్లీ వెలిగించింది, పాప బస్సు వచ్చే వేళయింది.

ఆ సాయంత్రం ఆఫీసులో ఎవరో ఫోన్ చేసి మైకు పనిచేయడం లేదు, అన్నీ చేసి చూశాం అన్నారు. నేను కసురుకోలేదు. మీ లాప్‌టాప్‌కు ఎవరేమి నేర్పారో గుర్తుందా అని అడిగాను. అవతలి మనిషికి అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున లిఫ్టు దగ్గర అవినాష్ కలిశాడు. నన్ను చూడగానే తప్పించుకోబోయి, వీలుకాక నిలబడ్డాడు. శిరీష ఇంట్లో గొడవ చేయలేదట. ఒక్క ప్రశ్న అడిగిందట, అంతే. ఆ రెండు రోజులుగా తను సరిగా నిద్రపోలేదన్నాడు. అప్పుడు ఒక ముఖ్యమైన క్లయింట్‌కు వారంపాటు డెమోలు ఉన్నాయనీ, ఇంట్లోంచి పిలుపులు మధ్యలో పడుతుంటే మేనేజర్ కోప్పడ్డాడనీ చెప్పాడు.

"ఆ ఒక్క వారం కోసమే పెట్టిన. తర్వాత తీసేద్దామనుకున్న. మర్చిపోయిన భార్గవి" అన్నాడు.

నేను రెండు రోజులుగా మాటలు నూరి పెట్టుకున్నాను, ఈ మనిషి దొరికితే అందామని. నోరు తెరిచాను. అప్పుడే వాళ్ల తలుపు తెరుచుకుంది. శిరీష గడప దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఫోను, ఉతికి ఇస్త్రీ చేసిన చీర. లోపల రత్నమాలమ్మ పూజ చేస్తోంది, గంట వినిపిస్తోంది.

"అవినాష్" అని పిలిచింది.

అతను అటు తిరగలేదు. మెట్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఎవరా పిలిచిందని. లోపల గంట ఆగింది. ఆమె రెండోసారి పిలవలేదు, గడప దగ్గరే నిలబడింది. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి, అతని చెయ్యి ఇంకా బటన్ మీదే ఉంది. అప్పుడు అతనికి అర్థమైంది. చెయ్యి తీసేసి వెనక్కి నడిచాడు.

"సోమవారం రెండో రౌండుకు పిలిచిన్రు" అంది శిరీష. "పిల్లను బస్సు కాడ నువ్వు దింపుకోవాలె."

సరే అన్నాడు. ఒక్క మాటే అన్నాడు, కానీ వెంటనే అన్నాడు.